అందరూ దుఃఖమే అనుకున్నారు

నా భార్య సంతాప సభలో నేను కూలబడ్డాను. అక్కడున్న వాళ్లలో సగం మంది కళ్లు తుడుచుకున్నారు. హెడ్మిస్ట్రెస్ గారైతే మైకు దగ్గరికి వచ్చి, "ఇలాంటి భర్త దొరకడం ఆవిడ అదృష్టం" అన్నారు. ఒక చెంప గచ్చుకు ఆనించి పడి ఉన్న నేను ఆ మాట స్పష్టంగా విన్నాను. వేలు కూడా కదలడం లేదు గానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. నన్ను పడేసింది నవ్వు.

ఆ సభ ఆమె లెక్కలు చెప్పిన బడిలోనే పెట్టారు. పిల్లల కుర్చీలు కావడంతో వచ్చిన పెద్దవాళ్ల మోకాళ్లన్నీ గడ్డాల దాకా లేచి ఉన్నాయి. మా అమ్మాయి ముందు వరసలో కూర్చుంది. నన్ను మాత్రం ఫోటో పక్కన నిలబడమన్నారు. అప్పుడు మాట్లాడుతున్నది మా బావగారు, అంటే నా భార్యకు అన్నగారు.

ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మంచి మనిషి. ఎవరింట్లో కష్టమొచ్చినా మొదట చేరేది ఆయనే, ఆఖరున కదిలేదీ ఆయనే. నోరు తెరిస్తే మాత్రం రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. ముందు ముఖ్యాంశాలు, తర్వాత వివరాలు, చివర మళ్లీ మొదట చెప్పినవే. నా భార్య ఆయనకు చాటుగా పెట్టిన పేరు 'వార్తలు'. "వార్తలు వస్తున్నాడు, కుర్చీ తుడవండి" అనేది. ఆయన చెప్పేది సాగుతున్నకొద్దీ నా పక్కకు జరిగి, "ఓపిక పట్టండి. ముఖ్యాంశాలు మరోసారి వచ్చేశాయంటే ఇక వాతావరణమే" అని చెవిలో ఊదేది. నిజంగానే ఆయన ఏ సంగతినైనా ఎండతోనో వానతోనో ముగిస్తారు.

ఆరోజు ఆయన గొంతు వణుకుతూనే ఉంది. చెల్లెలి చిన్నతనం చెప్పారు, చదువు చెప్పారు, క్రమశిక్షణ చెప్పారు. ఆ తర్వాత, "మరొక్కసారి చెబుతున్నాను" అన్నారు. నేను పెదవి కొరుక్కున్నాను. క్రమశిక్షణ, చదువు, చిన్నతనం మళ్లీ వచ్చాయి. నేను కిటికీ ఊచల వంక చూస్తూ నిలదొక్కుకున్నాను. అయిపోయిందనుకున్నాను. అప్పుడాయన రుమాలుతో మెడ తుడుచుకుని, "ఇంత ఉక్కలో, సాయంత్రానికి జల్లు పడేలా ఉన్నా, మీరంతా వచ్చారు" అన్నారు.

నా పక్కన ఎవరూ లేరు. అయినా చెవికి ఆ ఊపిరి తగిలింది.

ముందు దవడ వదిలేసింది. తర్వాత మెడ వాలిపోయింది. ఆపైన మోకాళ్లు, ఎవరో వెనకనుంచి తాడు కోసేసినట్టు. పడుతూ పడుతూ మా బావగారి మొహం చూశాను. ఆయన ఏడుస్తున్నారు. నా దుఃఖం చూసి, పాపం.

బడిలో పనిచేసే ఆయా తన తువ్వాలు మడిచి నా తల కింద పెట్టింది. భర్త గురించీ అదృష్టం గురించీ ఏమీ అనలేదు. చెంపకు అంటిన ఇసుక మాత్రం తుడిచింది.

*

ఈ పడిపోవడం నా భార్య ఉండగానే మొదలైంది. మొదటిసారి మా వంటింట్లో జరిగింది. స్టాఫ్ రూమ్ సంగతేదో చెబుతూ ఆమె హెడ్మిస్ట్రెస్ నడకను అనుకరించింది. నా చేతిలో గ్లాసు జారిపోయింది, నేను గోడ వెంట కిందికి దిగిపోయాను. పక్షవాతమేమోనని ఆమె హడలిపోయింది. "చేతులెత్తండి! నాలుక చాపండి!" అని అరిచింది. నిమిషంలో లేచి కూర్చున్నాను. మళ్లీ అలాంటివే కొన్ని జరిగాక ఆమే లెక్క తేల్చింది. కోపమొస్తే పడటం లేదు. భయమేస్తే పడటం లేదు. నవ్వొస్తేనే.

"క్లాసులో ఇంతమంది ఉంటారా, నా జోకులకి ఒక్కపిల్లా నవ్వదు" అంది. "ఇంట్లో ఉన్నది ఒక్కరు. ఆ ఒక్కరూ కుప్పకూలిపోతున్నారు. నాకింతకంటే ఏం కావాలండీ?"

డాక్టరు దగ్గరికి వెళదామని కూడా ఆమే అంది. నేనే ఒప్పుకోలేదు. నవ్వితే పడిపోతున్నానని చెబితే ఆ డాక్టరే నవ్వుతాడేమోనని నా భయం. "అప్పుడు ఆయనా మీరూ ఇద్దరూ పడతారు" అని ఆమె అంది. నేను మళ్లీ పడ్డాను. తర్వాత ఆమెకు జబ్బు చేసింది. నా సంగతి మూలకు పోయింది.

దీనికి తోడు నిద్ర. నేను చెవుల పరీక్షా కేంద్రంలో పనిచేస్తాను. గోడలకు చప్పుడు మింగే స్పాంజి దిమ్మెలు అతికించిన చిన్న గది, దానికో అద్దం. లోపల కూర్చున్న వాళ్లకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి శబ్దాలు వినిపిస్తాను. వినపడితే వాళ్లు బటన్ నొక్కాలి. ఆ నిశ్శబ్దంలో, మిషన్ ముందు కూర్చుని, నేను మధ్యాహ్నం కాకముందే తూగుతాను. ఎంత ఆపుకున్నా ఆగదు. రిసెప్షన్లో అమ్మాయి నాకు 'నిద్రగన్నేరు' అని పేరు పెట్టింది. "నిద్రగన్నేరు గారూ, ఆకులు ముడిచింది చాలు, పేషెంటొచ్చారు" అని అద్దం మీద కొడుతుంది.

ఒకసారి ఓ పెద్దాయన ఏ శబ్దానికీ బటన్ నొక్కలేదు. ఆయన భార్య బయట నా పక్కనే కూర్చుని విసుక్కుంటోంది. "తొందరగా తేల్చు బాబూ, వెళ్లేటప్పుడు టీ తాగాలంటాడు" అంది. అద్దంలోంచి ఆమె పెదవులు చూశాడేమో, లోపలున్న మనిషి టక్కున బటన్ నొక్కాడు. నా గడ్డం వెళ్లి మిషన్‌కు కొట్టుకుంది. నిద్రపోయాననే అందరూ అనుకున్నారు. నేనూ ఔనన్నాను. నిద్రకు సిగ్గుపడటం అలవాటైన సిగ్గు. ఇది కొత్తది.

*

సభ తర్వాత నాకు పేరొచ్చింది. వీధిలో వెళుతుంటే ఆడవాళ్లు తమ మొగుళ్లను మోచేత్తో పొడిచి నన్ను చూపించేవారు. పక్కింటావిడ గోడ మీదుగా కూర గిన్నె అందిస్తూ, "మా ఆయనున్నాడు, నేను పోతే టీవీ సౌండు తగ్గిస్తాడేమో, అంతే" అంది. ఆ గిన్నె అందుకున్నప్పుడు, దొంగసొత్తు పట్టుకున్నట్టు నా చేతులు ముడుచుకుపోయాయి.

మా బావగారు నన్ను డాక్టరుకు చూపించి తీరాలన్నారు. మా అమ్మాయినీ వెంటబెట్టుకుని వచ్చారు. మెదడు, నరాల డాక్టరు. మా అమ్మాయి కంటే కొద్దిగా పెద్దదేమో. ఆమె టేబుల్ మీద ఫైళ్లేమీ లేవు, ఒక పెన్సిలు, అంతే. నా మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టింది. కళ్లలోకి లైటు వేసింది.

"పడిపోయేటప్పుడు తెలివి తప్పుతుందా?"

"లేదండీ. అన్నీ వినపడతాయి."

ఆమె పెన్సిలు ఆగింది. "పడే ముందు మనసులో ఏముంటుంది? కోపమా, కంగారా? ఏదైనా నవ్వు..."

"నవ్వా!" మా బావగారు కుర్చీలోంచి సగం లేచారు. "ఏమిటండీ ఆ ప్రశ్న? మా చెల్లెలు పోయి నాలుగు నెలలు కాలేదు. ఈయన నవ్వి ఎన్నాళ్లయిందో అడగండి. భార్యంటే ప్రాణం ఈయనకి. నవ్వట, నవ్వు!"

"ఆయన్నే చెప్పనివ్వండి" అంది డాక్టరు నా వంక తిరిగి.

మా అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది. మా బావగారు రుమాలు తీశారు. నేను టేబుల్ మీది పెన్సిలు వంక చూస్తూ, "దుఃఖమండీ" అన్నాను.

గుండెకు పరీక్షలు రాసింది. అన్నీ బాగానే వచ్చాయి. "బెంగ కొందరిలో ఇలా కూడా బయటపడుతుంది. కొన్నాళ్లు ఒంటరిగా వదలకండి" అని పంపించేసింది. మెట్లు దిగుతూ మా బావగారు మా అమ్మాయికి ఆ మాట మొదటినుంచి చివరిదాకా చెప్పి, మళ్లీ చెప్పారు. నేను రెయిలింగ్ గట్టిగా పట్టుకుని దిగాను.

*

ఒంటరిగా వదలకండి అన్న మాటకు ఎంత ఖరీదుందో నాకు రెండ్రోజుల తర్వాత తెలిసింది.

మా అమ్మాయి సివిల్ ఇంజినీరు. దూరంగా, ఏటి ఒడ్డున ఉన్న నగరంలో ఒక వంతెన కడుతున్నారు. ఆ పనిలో ఆమెకు చోటు దొరికింది. వాళ్ల అమ్మ ఉండగా దరఖాస్తు పెట్టింది, పోయాక పిలుపొచ్చింది. వచ్చే సోమవారం చేరాలి. ఆ సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి పెట్టె అటక మీదే ఉంది. ఆమె నేలమీద కూర్చుని, మా కేంద్రంలో మిగిలితే నేను తెచ్చిన స్పాంజి ముక్కలను కత్తిరించి, భోజనాల బల్ల మూలలకు టేపుతో అతికిస్తోంది.

"ఏంటమ్మడూ ఇది?"

"నువ్వు పడితే తల తగలకుండా."

"సామాను సర్దుకోవాలి కదా నువ్వు?"

"వెళ్లట్లేదు నాన్నా. రేపు ఫోన్ చేసి చెప్పేస్తాను." పళ్లతో టేపు తెంపింది. "ఇక్కడే ఏదో చూసుకుంటాను. వంతెనలకేం, ఎప్పుడూ కడుతూనే ఉంటారు."

"ఆ వంతెన నువ్వు లేకుండా కట్టేస్తారుగా."

"కట్టుకోనీ. నేను కట్టకపోతే పడిపోదులే. నువ్వు పడిపోతావు."

నేను బల్ల పక్కన కూర్చున్నాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. పక్కింటావిడా, హెడ్మిస్ట్రెస్సూ, మా బావగారి రుమాలూ కళ్లముందు తిరిగాయి. వాళ్లందరి మొహాలూ మారిపోతాయి. వాళ్లు సరే, ఈ పిల్ల మొహం మారితే నేనెలా చూడను?

"అయినా నిన్ను చూస్తే నాకు సిగ్గేస్తోంది నాన్నా" అంది ఆమె తలెత్తకుండా.

"నన్ను చూస్తేనా?"

"నువ్వు అమ్మ పేరు చెబితే నిలబడలేకపోతున్నావు. నాకు ఇంతవరకూ ఒక్క చుక్క రాలేదు. ఆరోజు ఆస్పత్రికి వచ్చాను కదా, అప్పటికే అయిపోయింది. అత్తలూ పిన్నులూ అంతా గొల్లుమంటున్నారు. నేనేం చేశాను? అమ్మ తల వంకరగా ఉందని దిండు సరిచేశాను. దిండు! వెనక్కి తిరిగేసరికి నువ్వు కింద పడి ఉన్నావు. నువ్వు అలా, నేను ఇలా. నేనేం మనిషిని?"

ఆమె కత్తెర పక్కన పెట్టి మూడో మూలకు జరిగింది. ఇక నావల్ల కాలేదు.

"నేను పడేది ఏడుపొచ్చి కాదమ్మా."

"మరి?"

"నవ్వొచ్చి."

ఆమెకు అర్థం కాలేదు. చెప్పాను. వంటింటి గోడ చెప్పాను, జారిన గ్లాసు చెప్పాను, వార్తలూ వాతావరణమూ చెప్పాను. చెబుతుంటే దవడ కొంచెం వదులైంది. చేత్తో పట్టుకుని చెప్పాను. ఆమె నవ్వుతుందేమోనని నాకు లోపల చిన్న ఆశ ఉండేది. నవ్వలేదు.

"అమ్మ ఫోటో పక్కన నిలబడి" అంది నెమ్మదిగా, "మావయ్య ఏడుస్తూ మాట్లాడుతుంటే, నీకు నవ్వొచ్చింది."

"అవును."

"డాక్టరు అదే అడిగితే అబద్ధం చెప్పావు."

"మీ మావయ్య ముందు..."

"చెప్పావా లేదా?"

"చెప్పాను."

"నేను ఉద్యోగం మానేస్తానంటే వింటూ కూర్చున్నావు."

"ఇప్పుడు చెప్పాను కదమ్మా."

"ఆఁ, చెప్పావు. మూడు మూలలూ అతికించాక."

లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను తల దించుకుని కూర్చున్నాను. బల్లకు నాలుగో మూల ఖాళీగా ఉంది. పొద్దున లేచి చూస్తే ఆ మూలకు కూడా స్పాంజి ముక్క అతికించి ఉంది. ఎప్పుడొచ్చి అతికించిందో.

"స్నానం చెయ్యి" అంది నాకు టీ ఇస్తూ. మొహం చూడలేదు. "డాక్టరు దగ్గరికి వెళదాం. నువ్వే చెప్పాలి. నేను ఒక్క ముక్క కూడా అందివ్వను."

*

చెప్పాను. నత్తి వచ్చినట్టు చెప్పాను. మొదటిసారి అబద్ధమాడానన్నదీ చెప్పాను. ఆ డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"పగలు నిద్ర ముంచుకొస్తుందా?"

"పనిలో పేరు కూడా పెట్టారండీ."

"రాత్రి నిద్ర పట్టే వేళకి గదిలో ఎవరో ఉన్నట్టు కనిపిస్తారా?"

 నా భార్య పోకముందు నుంచీ కనిపించేవారు. పోయాక ఎవరు కనిపిస్తున్నారో చెప్పదల్చుకోలేదు. డాక్టరు నా మొహం చూసి రెండోసారి అడగలేదు.

పెన్సిలు తీసుకుని ఒక మెదడు బొమ్మ గీసింది. దాని అడుగున చిన్న చుక్క పెట్టింది. అక్కడ కొన్ని వేల కణాలుంటాయట. అవి ఒరెక్సిన్ అనే న్యూరోపెప్టైడును తయారుచేస్తాయట. అంటే ఒక నరం ఇంకో నరానికి కబురు పంపడానికి వాడే చిన్న ప్రొటీను తునక. మనిషిని మెలకువలో నిలకడగా ఉంచేది అదే. ఆకలిలో, హుషారులో కూడా దానికి పాత్ర ఉందట.

"కలలో పరిగెడతాం కదా, నిజంగా మంచం దిగి పరిగెత్తం. ఎందుకు? కలొచ్చే వేళకి ఒళ్లు తన కండరాలన్నిటినీ వదిలేస్తుంది. అది నిద్రలోనే జరగాలి. ఒరెక్సిన్ ఉంటే జాగ్రత్తగా కాపలా కాస్తుంది. అది లేని వాళ్లకి, మనసు ఒక్కసారి పొంగితే చాలు, మెలకువలోనే ఒళ్లు వదిలేస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా నవ్వుకి."

"అంటే..." అంది మా అమ్మాయి. ఒక్క ముక్క కూడా అందివ్వనన్న మనిషి. "నవ్వడం ఆయన తప్పు కాదు, పడటం జబ్బు. అంతేనా?"

"నవ్వడం జబ్బు కాదమ్మా" అంది డాక్టరు. "అది ఆరోగ్యమే. ఆ కణాలు ఎందుకు పోతాయో ఇంకా పూర్తిగా తెలీదు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున వాటిమీద పడుతుందని అనుకుంటున్నాం. పోయినవి తిరిగి రావు. పడటాన్నీ నిద్రనీ మాత్రం మందులతో అదుపులో పెట్టొచ్చు. ఉద్యోగాలు చేసుకుంటారు, ఒంటరిగా ఉంటారు, అన్నీ." చివరి మాటలు మా అమ్మాయిని చూసి అంది.

ఖాయం చేసుకోవడానికి రెండు పరీక్షలు. ఒకటి, ఒళ్లంతా వైర్లు తగిలించి నిద్రను కొలవడం. రెండోది వెన్నులోంచి కాస్త నీరు తీసి, అందులో ఒరెక్సిన్ ఎంతుందో చూడటం.

*

ఆస్పత్రి కారిడార్లోకి మా బావగారు ఫ్లాస్కుతో వచ్చారు. నేను గౌను వేసుకుని బెంచీ మీద ఉన్నాను. వెనక ముడి సరిగా పడక ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి నా వంక ఒక చూపు చూసి, కాగితాల పని ఉందని లేచి వెళ్లింది. పని లేదని నాకు తెలుసు.

"వెన్నులో సూదంటే భయపడకండి బావగారూ" అన్నారాయన. "మా ఆఫీసులో ఒకతనికి తీశారు. నిక్షేపంలా ఉన్నాడు."

"బావగారూ, మీకొకటి చెప్పాలి."

"చెప్పండి బావగారూ."

ఆయన నన్నూ నేనాయన్నీ బావగారూ అనుకోవడం మీద కూడా నా భార్య దగ్గర ఒక మాట ఉండేది. దాన్ని గట్టిగా పక్కకు నెట్టి, చెప్పాను. అంతా చెప్పాను. 'వార్తలు' అన్న పేరు ఒక్కటీ దాచుదామనుకున్నాను. అది లేకుండా వాతావరణం అర్థం కాదు. అదీ చెప్పాను.

ఆయన ఫ్లాస్కు మూత బిగించారు. విప్పారు. మళ్లీ బిగించారు.

"అయితే నేను మాట్లాడుతుంటే, మీరిద్దరూ..."

"అవునండీ."

"ఎన్నేళ్లుగా?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ." నా చెవులు కాలిపోతున్నాయి.

చాలాసేపు గోడమీది బాణం గుర్తు చూశారాయన. "చిన్నప్పుడు నా మొహం మీదే నవ్వేది" అన్నారు. "నేనేదన్నా చెబితే పొట్ట పట్టుకునేది. పెద్దయ్యాక నా ముందు బుద్ధిగా కూర్చుని వినడం మొదలెట్టింది. నామీద గౌరవమేమో అనుకున్నా. లోపల మాత్రం, దీనికి నేనంటే సరదా పోయిందే అని ఉండేది." ఆగారు. "పోలేదన్నమాట."

ఇంకేదో చెప్పబోయి, మానుకుని, మూతలోకి టీ వంచారు. పరీక్షకు ముందు నేను తాగకూడదేమోనని గుర్తొచ్చి తానే తాగేశారు. అంత తక్కువ మాట్లాడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయ్యుండాలి. నా వెనకకు వంగి, గౌను ముడి గట్టిగా వేసి, వెళ్లిపోయారు.

*

సూది పని అనుకున్నంత లేదు. పక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకోమన్నారు. నర్సు తన చేతులు చల్లగా ఉన్నాయని ముందు రుద్దుకుని, ఆ తర్వాత నా వీపు తాకింది. కాసేపటికి డాక్టరు చిన్న గొట్టాలను వెలుతురుకు పట్టుకుని చూసుకుంటూ వెళ్లింది. నీళ్లలాగే ఉన్నాయవి. ఏముందో ఏం లేదో కంటికి తెలిసేది కాదు.

కొంతసేపు కదలకుండా వెల్లకిలా పడుకోవాలన్నారు. మా అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మావయ్యకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది."

ఆమె పెదవి చివర ఏదో కదిలినట్టయింది, వెంటనే సర్దుకుంది. "ఫోన్ చెయ్యలేదు నేనింకా" అంది. "వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. ముందు నువ్వు మొత్తం చెప్పు. ఇంకా ఏదో ఉంది. నాకు తెలుస్తూనే ఉంది."

ఉంది. దాన్ని నాతోనే తీసుకుపోదామనుకున్నాను. ఫోటో పక్కన నవ్వడం ఒకటి. ఇది వేరు. చెబితే ఈ పిల్ల నన్ను వదిలి వెళుతుంది గానీ, అసహ్యించుకుని వెళుతుంది.

"చెప్పు నాన్నా. పడుకునే ఉన్నావుగా. ఇంకెక్కడికి పడతావు?"

నేను పైకప్పు చూస్తూ మొదలుపెట్టాను.

"ఆఖరి సాయంత్రం నువ్వు బస్సులో ఉన్నావు. మీ అమ్మకి అప్పటికి మాట చాలా సన్నగా వస్తోంది. నన్ను దగ్గరికి రమ్మంది. 'అది వచ్చేదాకా నన్ను పోనివ్వకండి' అంది."

మా అమ్మాయి చేతులు ఒళ్లో బిగుసుకున్నాయి.

"ఎందుకని అడిగాను. 'ఇలా వంకరగా పడుకుని పోయాననుకోండి, అది ఊరుకోదు' అంది. 'వచ్చి, నన్ను సరిగ్గా పడుకోబెట్టి, ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి పోమ్మా అంటుంది' అంది."

 నా దవడ అప్పటికే బరువెక్కింది. మాటలు ముద్దగా వస్తున్నాయి. అయినా ఆగితే ఇక చెప్పలేనని తోశాను.

"ఆ తర్వాత కాసేపటికే పోయింది. నువ్వొచ్చావు. అంతా ఏడుస్తున్నారు. నువ్వు తిన్నగా మంచం దగ్గరికెళ్లి... తల కింద దిండు... అటు ఒకసారి, ఇటు ఒకసారి... కొంచెం దూరం జరిగి, సరిగ్గా ఉందా అని ఒక కన్ను మూసి చూశావు. నేను... తర్వాతి మాట కోసం... చూస్తున్నాను. మళ్లీ పోమ్మా అంటావని..."

అంతే. మెడ పక్కకు వాలిపోయింది, రెప్పలు పడిపోయాయి, నాలుక ఎటో పోయింది. చీకట్లో చెవులు మాత్రం మిగిలాయి. నేను చేసే పనే అది, ఎదుటివాళ్లకు ఏం వినపడుతుందో కనిపెట్టడం. ఇప్పుడు నేను వింటున్నాను. ముందు ఏమీ లేదు. స్టూలు కాలు గచ్చు మీద కీచుమంది. వెళ్లిపోతోందనుకున్నాను. సిగ్గుతో ఒళ్లంతా కాలింది, ఆ ఒంట్లో ఒక్క వేలూ నాది కాకపోయినా.

అప్పుడు ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. ఆపుకోబోతే తప్పించుకున్న నవ్వు. మరొకటి వచ్చింది. "ఒక కన్ను మూశానా!" అంది. "ఛ, మూసే ఉంటాను." ఆ నవ్వు పెరిగి, మధ్యలో ఎక్కడో విరిగి, వెక్కిళ్లయింది. నా భుజం మీద ఆమె నుదురు ఆనింది. గౌను తడిసింది. నాలుగు నెలలుగా రానిదంతా ఆ చిన్న జాగాలోకే వచ్చింది. చెయ్యెత్తి తల నిమరాలని ఎంత ప్రయత్నించినా చెయ్యి రాలేదు.

తలుపు తీసిన చప్పుడైంది. నర్సు చెప్పులు గబగబా దగ్గరికొచ్చాయి. "అయ్యో, ఏమైందమ్మా? పెద్దాయన మెడ వాలిపోయిందేంటి? డాక్టర్ని పిలవనా?"

"ఏం వద్దు సిస్టర్" అంది మా అమ్మాయి, గట్టిగా ముక్కు చీదుకుని. "మా నాన్న నవ్వుతున్నాడు. నిమిషంలో లేస్తాడు. ఆదివారం నన్ను బస్సెక్కించాలి, అప్పటికి నడవొచ్చు కదా?"